క్విట్‌క్లెయిమ్ డీడ్: దంపతుల మధ్య ఇల్లు పేరు మారినప్పుడు ఏది మారుతుంది, ఏది మారదు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో ఒక చిన్న కాగితం గురించిన ప్రశ్న పదేపదే వస్తుంటుంది. పెళ్లికి ముందు ఒకరి పేరున కొన్న ఇంట్లో రెండోవారి పేరు చేర్చాలనుకున్నప్పుడు, పాత రుణం స్థానంలో కొత్త రుణం తీసుకునే రీఫైనాన్స్ సమయంలో, యాజమాన్య హక్కును తెలిపే టైటిల్ నుంచి ఒకరి పేరు తప్పించమని రుణ సంస్థ అడిగినప్పుడు, విడాకుల ఒప్పందంలో ఇల్లు ఒక్కరికే దక్కుతుందని తేలినప్పుడు సాధారణంగా ముందుకు వచ్చే పత్రం క్విట్‌క్లెయిమ్ డీడ్. అది ఒకటి రెండు పేజీలకు మించదు. నోటరీ ముందు సంతకం చేసి, కొద్దిపాటి రుసుముతో కౌంటీ కార్యాలయంలో నమోదు చేయిస్తే పని పూర్తయినట్టే కనిపిస్తుంది.

ఇంత సులువుగా ఉండటమే చిక్కులకు కారణమవుతోంది. ఒక ఇంటి చుట్టూ నాలుగు వేర్వేరు సంబంధాలు అల్లుకుని ఉంటాయి: యాజమాన్య హక్కు, రుణ సంస్థతో చేసుకున్న ఒప్పందం, భార్యాభర్తల ఆస్తిపై రాష్ట్ర కుటుంబ చట్టం చెప్పే మాట, పన్నుల శాఖ వేసే లెక్క. క్విట్‌క్లెయిమ్ డీడ్ కదిలించేది వీటిలో మొదటిదాన్ని మాత్రమే. మిగిలిన మూడూ తమ సొంత నియమాల ప్రకారమే నడుస్తాయి. సంతకం చేసేవారికి ఈ తేడా తెలియకపోతే జరిగే నష్టం చాలాసార్లు ఏళ్లు గడిచాక గాని బయటపడదు.

హామీ లేని బదిలీ అంటే ఏమిటి

స్థిరాస్తిలోని హక్కును ఒకరి నుంచి మరొకరికి చేర్చే దస్తావేజును డీడ్ అంటారు. బయటివారి దగ్గర ఇల్లు కొన్నప్పుడు ఎక్కువ రాష్ట్రాల్లో వారంటీ డీడ్ రాయించుకుంటారు. ఈ ఆస్తి నాది, దీని మీద చెప్పని భారాలు లేవు, రేపు ఎవరైనా హక్కు కోరుతూ వస్తే బాధ్యత నాది అని రాసిచ్చేవారు అందులో హామీ ఇస్తారు. స్పెషల్ వారంటీ డీడ్‌లో ఆ హామీ, రాసిచ్చేవారు యజమానిగా ఉన్న కాలానికే పరిమితం. కాలిఫోర్నియాలో వాడే గ్రాంట్ డీడ్‌లో, ఈ ఆస్తిని ఇంతకుముందే వేరొకరికి ఇవ్వలేదని, తన వల్ల ఏర్పడిన భారాలు లేవని చట్టమే హామీని చేర్చి చదువుతుంది.

క్విట్‌క్లెయిమ్ డీడ్‌లో ఇవేవీ ఉండవు. ఈ ఆస్తిలో నాకు ఏదైనా హక్కు ఉంటే అది మీకు వదిలిపెడుతున్నాను అన్నంతవరకే దాని మాట. హక్కు పూర్తిగా ఉంటే పూర్తిగా, సగమే ఉంటే సగం వెళ్తుంది. అసలేమీ లేకపోతే ఏమీ వెళ్లదు, రాయించుకున్నవారు రాసిచ్చినవారిని నిలదీయడానికీ వీలుండదు. రాసిచ్చిన నాటికి లేని హక్కు తర్వాతెప్పుడో వారికి సంక్రమించినా, వారంటీ డీడ్‌లో మాదిరిగా అది తనంతట తాను రాయించుకున్నవారికి చేరదు.

మన దగ్గర హక్కు విడుదల దస్తావేజు చూసినవారికి ఇది పరిచయమైన విషయంలాగే అనిపిస్తుంది. అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హక్కు విడుదల సాధారణంగా అప్పటికే వాటా ఉన్న సహయజమానుల మధ్య జరుగుతుంది. వాటా లేని భార్యకో భర్తకో ఇవ్వాలంటే దాన సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి రిజిస్టర్ చేయిస్తారు. అమెరికాలో క్విట్‌క్లెయిమ్‌కు ఆ కట్టుబాటు లేదు. రాయించుకునేవారికి అంతకుముందు ఆస్తిలో ఏ వాటా లేకపోయినా అది చెల్లుతుంది.

చెల్లుబాటుకు కావలసినవి కొన్ని ఉన్నాయి. పత్రం మీద వీధి చిరునామా ఒక్కటే ఉంటే చాలదు, లాటు, బ్లాకు, సబ్‌డివిజన్‌లతో కూడిన చట్టబద్ధమైన ఆస్తి వివరణ ఉండాలి. రాసిచ్చేవారు సంతకం చేసి ఊరుకోకుండా, ఇచ్చే ఉద్దేశంతో పత్రాన్ని అందజేయాలి. నమోదు చేయకపోయినా ఆ ఇద్దరి మధ్య డీడ్ చెల్లవచ్చు గాని, ఆ సంగతి తెలియకుండా తర్వాత కొనుక్కున్నవారి ముందు అది నిలబడటం కష్టం. కౌంటీ రికార్డర్ పత్రాన్ని నమోదు చేస్తారే తప్ప, రాసిచ్చినవారికి నిజంగా హక్కు ఉందా లేదా అన్నది పరిశీలించరు. ఈ విషయంలో మన సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికీ దానికీ పెద్ద తేడా లేదు.

సంతకం చేయవలసిన భాగస్వామి భారత్‌లో ఉంటే హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో ఒక్కో ముద్రకు 50 డాలర్ల రుసుముతో నోటరీ సేవ పొందవచ్చు. స్థానిక నోటరీ దగ్గర చేయించి, పత్రం విదేశంలో చెల్లేలా అంతర్జాతీయ ఒప్పందం కింద ఇచ్చే అపోస్టిల్ ధ్రువీకరణ వేయించుకునే మార్గమూ ఉంది. భారత్ 2005 నుంచి ఆ అంతర్జాతీయ ఒప్పందంలో భాగస్వామి.

టైటిల్‌లో రెండు పేర్లు ఏ రూపంలో ఉన్నాయి

పేరు చేర్చడం అన్న మాట వినడానికి ఒకటే అయినా, చేర్చిన పద్ధతిని బట్టి ఫలితం మారిపోతుంది. టెనెంట్స్ ఇన్ కామన్ అని రాస్తే ఎవరి వాటా వారిది. ఒకరు మరణిస్తే ఆ వాటా వీలునామా ప్రకారం, వీలునామా లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం వెళ్తుంది. సర్వైవర్‌షిప్ హక్కుతో కూడిన జాయింట్ టెనెన్సీ అయితే మరణించినవారి వాటా నేరుగా బతికి ఉన్నవారికి చేరుతుంది, మరణించినవారి ఆస్తి పంపకాన్ని చూసే ప్రొబేట్ కోర్టుకు వెళ్లే పని ఉండదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో దంపతులకే పరిమితమైన టెనెన్సీ బై ది ఎంటైరిటీ ఉంది. అందులో సర్వైవర్‌షిప్ హక్కుతో పాటు, ఒక్కరి సొంత అప్పు కోసం ఆ ఇంటి మీదికి రాకుండా అప్పులవారిని చాలావరకు ఆపే రక్షణ కూడా ఉంటుంది.

డల్లాస్ శివారు ఫ్రిస్కోలో పెళ్లికి ముందు ఇల్లు కొన్న ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. పెళ్లయ్యాక అతడు భార్య పేరు చేర్చాలనుకుంటాడు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫారంలో రాయించుకునేవారి గడిలో ఆమె పేరు ఒక్కటే రాస్తే ఇల్లు మొత్తం ఆమెకు వెళ్లిపోతుంది. ఇద్దరి పేర్లూ రాసి, సర్వైవర్‌షిప్ మాట వదిలేస్తే, అతడు మరణించిన రోజున అతడి వాటా ఆమెకు తనంతట తాను రాదు. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల, భర్తను కోల్పోయిన మనిషి తన సొంత ఇంటి కోసం కోర్టు ప్రక్రియలోకి దిగవలసి వస్తుంది.

టైటిల్ పోయినా రుణం పోదు

అన్నిటికంటే ఎక్కువగా అపార్థం చేసుకునేది ఈ భాగాన్నే. ఇల్లు కొన్నప్పుడు రెండు పత్రాల మీద సంతకాలు పడతాయి. ప్రామిసరీ నోటు మీద సంతకం చేసినవారు అప్పు తీరుస్తామని వ్యక్తిగతంగా మాట ఇస్తారు. మార్ట్‌గేజ్ లేదా డీడ్ ఆఫ్ ట్రస్ట్ ఆ అప్పుకు ఇంటిని హామీగా పెడుతుంది. క్విట్‌క్లెయిమ్ డీడ్ ఈ రెండింటినీ తాకదు. దాని ద్వారా ఇంటి హక్కు వదులుకున్నవారు, నోటు మీద పేరు ఉన్నంతకాలం అప్పుకు బాధ్యులుగానే మిగులుతారు.

విడాకుల తీర్పులో భార్య ఇంటిని తీసుకుని వాయిదాలు కట్టాలని, భర్త క్విట్‌క్లెయిమ్ రాసివ్వాలని ఉందనుకుందాం. ఆ తీర్పు ఆ ఇద్దరినీ కట్టిపడేస్తుంది గాని, కేసులో పక్షం కాని బ్యాంకును కాదు. రెండేళ్ల తర్వాత ఆమె ఉద్యోగం పోయి వాయిదాలు ఆగితే, ఇంట్లో గడప కూడా తనది కాని మాజీ భర్త క్రెడిట్ స్కోరు పడిపోతుంది. ఆమె క్రమం తప్పకుండా కడుతున్నా, అతడు కొత్త ఇంటికి రుణం అడిగినప్పుడు పాత అప్పు అతడి లెక్కలో కనిపిస్తూనే ఉంటుంది.

దీనికి నేరుగా ఉన్న పరిష్కారం ఇల్లు తీసుకున్నవారు తమ పేరున రీఫైనాన్స్ చేసుకోవడం. కానీ 2021లో 3 శాతం వడ్డీకి 30 ఏళ్ల గడువుతో 4 లక్షల డాలర్లు తీసుకున్న కుటుంబం నెలకు సుమారు 1,686 డాలర్లు కడుతుంది. 5 ఏళ్ల తర్వాత మిగిలే అసలు సుమారు 3,55,600 డాలర్లు. దాన్ని ఆరున్నర శాతానికి మళ్లీ 30 ఏళ్లకు తిరగరాస్తే వాయిదా దాదాపు 2,250 డాలర్లు అవుతుంది. అప్పు తగ్గినా వాయిదా పెరుగుతుంది, అదీ రెండు జీతాల మీద నడిచిన ఇల్లు ఒక్క జీతం మీదికి వచ్చిన సమయంలో. అందుకే ఇటీవలి విడాకుల్లో పాత రుణాన్ని అలాగే ఉంచి టైటిల్ మాత్రం మార్చుకోవాలన్న ఆలోచన ఎక్కువైంది.

అది చట్టానికి విరుద్ధం కాదు. ఇల్లు చేతులు మారితే మొత్తం అప్పు ఒకేసారి కట్టమని అడిగే నిబంధన రుణపత్రాల్లో సాధారణంగా ఉంటుంది. అయితే 1982 నాటి గార్న్-సెయింట్ జెర్మేన్ చట్టం ప్రకారం, 5 కంటే తక్కువ నివాసాలున్న ఇంట్లో రుణగ్రహీత భార్య లేదా భర్త యజమాని అయినప్పుడు, విడాకుల తీర్పు వల్ల మాజీ భాగస్వామికి ఇల్లు చేరినప్పుడు బ్యాంకు ఆ నిబంధనను ప్రయోగించరాదు. ఇల్లు అందుకున్న భాగస్వామిని హక్కు సంక్రమించిన వ్యక్తిగా ధ్రువీకరించాక, రుణ వివరాలు ఇవ్వడంతో సహా రుణగ్రహీతతో వ్యవహరించినట్టే వారితోనూ వ్యవహరించాలని 2018లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ నియమాలు చెబుతున్నాయి. కాబట్టి టైటిల్ అందుకున్నవారికి రక్షణ ఉంది. వదులుకున్నవారికి అలాంటి రక్షణ లేదు. బాధ్యత నుంచి తప్పిస్తున్నామని రుణ సంస్థ రాతపూర్వకంగా చెప్పేదాకా ఆ అప్పు వారిది కూడా. టెక్సాస్ న్యాయవాదులు ఈ లోటు పూడ్చడానికి, వాయిదాలు తప్పితే ఇంటి మీద చర్య తీసుకునే హక్కును మాజీ భాగస్వామికి ఇచ్చే మరో తాకట్టు పత్రాన్ని జతచేస్తారు.

టైటిల్‌లో పేరు లేకపోయినా వాటా ఉండే రాష్ట్రాలు

కాలిఫోర్నియా, టెక్సాస్, వాషింగ్టన్, అరిజోనా సహా 9 రాష్ట్రాలు కమ్యూనిటీ ప్రాపర్టీ విధానాన్ని పాటిస్తాయి. పెళ్లయ్యాక ఎవరి జీతంతో సంపాదించినా ఆ ఆస్తి ఇద్దరిదీ. పెళ్లికి ముందున్నది, వారసత్వంగా లేదా కానుకగా వచ్చింది మాత్రం వారి సొంతం. ఈ రాష్ట్రాల్లో టైటిల్ మీది పేరు ఒక ఆధారం మాత్రమే. కాలిఫోర్నియాలో భర్త పెళ్లికి ముందు కొన్న ఇంటికి పెళ్లి తర్వాతి జీతాలతో వాయిదాలు కడితే, టైటిల్‌లో భార్య పేరు ఎన్నడూ లేకపోయినా ఆ మేరకు ఇంట్లో ఉమ్మడి ఆస్తిగా వాటా ఏర్పడుతుంది. టెక్సాస్‌లో కుటుంబం నివసించే ఇల్లు ఒక్కరి పేరునే ఉన్నా, దాన్ని అమ్మడానికి సాధారణంగా ఇద్దరి సంతకాలూ కావాలి.

కాబట్టి డీడ్ మీద పేరు మార్చినంత మాత్రాన ఆస్తి స్వభావం మారిపోతుందని చెప్పలేము. 1985 నుంచి కాలిఫోర్నియాలో ఉమ్మడి ఆస్తిని ఒకరి సొంత ఆస్తిగా, లేదా సొంత ఆస్తిని ఉమ్మడిదిగా మార్చాలంటే, దాని వల్ల నష్టపోయేవారు ఆ మార్పును స్పష్టంగా ప్రకటిస్తూ రాతపూర్వకంగా అంగీకరించాలి. 1975 తర్వాత ఉమ్మడి సంపాదనతో కొన్న ఇల్లు జాయింట్ టెనెన్సీగా నమోదైనంత మాత్రాన కమ్యూనిటీ ఆస్తి కాకుండా పోదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. మిగిలిన రాష్ట్రాల్లో విడాకుల సమయంలో కోర్టులు న్యాయసమ్మతమైన పంపకం అనే సూత్రాన్ని పాటిస్తాయి. అక్కడ కూడా టైటిల్ ఎవరి పేరున ఉందన్నది చివరి మాట కాదు.

రీఫైనాన్స్ సమయంలో పెట్టే సంతకం

ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే సందర్భం ఇది. ఇద్దరిలో ఒకరికి ఆదాయం లేకపోతేనో క్రెడిట్ చరిత్ర తక్కువగా ఉంటేనో, రుణం రెండోవారి పేరునే తీసుకోవడం మామూలు. అప్పుడు కొన్ని సంస్థలు రుణంలో లేని భాగస్వామి చేత క్విట్‌క్లెయిమ్ లేదా కాలిఫోర్నియాలో దంపతుల మధ్య బదిలీకి వాడే ఇంటర్‌స్పౌజల్ డీడ్ రాయిస్తాయి. సంతకం పెట్టవలసిన కాగితాల దొంతరలో అది ఒకటి. రుణం మంజూరయ్యాక మళ్లీ పేరు చేర్చుకుందామని ఇంట్లో మాట అనుకుంటారు. చేర్చడానికి మరో డీడ్ కావాలి, దాన్ని రాసివ్వవలసింది టైటిల్‌లో మిగిలినవారు. చాలా ఇళ్లలో ఆ రెండో డీడ్ ఎప్పటికీ నమోదు కాదు.

తెలుగు కుటుంబాల్లో ఈ సంతకం పెట్టేది తరచుగా హెచ్-4 వీసా మీద వచ్చిన భార్య. 2015 నుంచి హెచ్-4 వారిలో కొందరికి ఉద్యోగ అనుమతి దొరుకుతున్నా, అందరికీ కాదు. సొంత ఆదాయం లేక, దేశంలో ఉండే అర్హత కూడా భర్త ఉద్యోగం మీదే ఆధారపడిన మనిషి, ఇంగ్లీషు చట్టభాషలో ఉన్న పత్రం మీద ప్రశ్న అడగకుండా సంతకం చేయడం ఆశ్చర్యం కాదు. అది ఆమె ఇష్టపూర్వకంగా చేసినట్టేనా?

కాలిఫోర్నియా చట్టం ఈ ప్రశ్నను గట్టిగా పట్టించుకుంది. అక్కడ దంపతులు ఒకరిపట్ల ఒకరు అత్యంత విశ్వాసంతో మెలగవలసిన బాధ్యత ఉన్నవారు. ఒక లావాదేవీ వల్ల ఒకరికి అన్యాయంగా లాభం కలిగితే, రెండోవారిపై అనుచిత ఒత్తిడి జరిగిందని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించవలసిన భారం లాభపడినవారిదే. 1995లో అక్కడి అప్పీలు కోర్టు ముందుకు వచ్చిన కేసులో భార్య ఇంటిలోని తన హక్కును భర్తకు క్విట్‌క్లెయిమ్ చేసింది. తన కారు రుణానికి భర్త సహసంతకం కావాల్సి వచ్చిన పరిస్థితిలో ఆమె ఆ సంతకం చేసింది. టైటిల్‌లో ఉన్నవారే యజమాని అన్న సాధారణ సూత్రం, దంపతుల మధ్య ఒత్తిడి జరిగిందన్న ఊహకు లోబడి ఉండాలని కోర్టు చెప్పింది.

దీనికి ఎదురువాదం కూడా తీసిపారేయదగినది కాదు. చదువుకున్న పెద్దవారు స్వచ్ఛందంగా రాసిచ్చిన డీడ్‌ను ఏళ్ల తర్వాత తిరగదోడనిస్తే రికార్డుల మీద ఎవరికీ నమ్మకం ఉండదని, నిజాయితీగా ఇల్లు అందుకున్న భాగస్వామి కూడా అనుమానితుడైపోతాడని కొందరు న్యాయవాదుల అభ్యంతరం. వారి మాటలోని బలాన్ని ఒప్పుకుంటూనే, ఒక ఇంట్లో బతుకుతున్న ఇద్దరి మధ్య బేరం బజారులో ఇద్దరు అపరిచితుల బేరంతో సమానం కాదన్న కోర్టు దృష్టే వాస్తవానికి దగ్గరగా ఉందని నేననుకుంటాను. అయితే ఈ రక్షణ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇతర చోట్ల మోసం, బలవంతం జరిగాయని నిరూపించే భారం ఎక్కువగా సంతకం చేసినవారి మీదే పడుతుంది.

పన్ను లెక్కలో పౌరసత్వం తెచ్చే తేడా

దంపతుల మధ్య బదిలీకి పన్ను ఉండదు అన్న మాట ఇద్దరూ అమెరికా పౌరులైనప్పుడు దాదాపు నిజమే. 1984లో వచ్చిన ఆదాయపన్ను నిబంధన ప్రకారం, భార్యాభర్తల మధ్య, విడాకులకు అనుబంధంగా మాజీ దంపతుల మధ్య ఆస్తి మారితే లాభం వచ్చినట్టు లెక్కించరు. దానికి బదులుగా పాత కొనుగోలు ధరే కొత్త యజమానికి సంక్రమిస్తుంది. గిఫ్ట్ ట్యాక్స్‌లో కూడా పౌరసత్వం ఉన్న భాగస్వామికి ఎంత ఇచ్చినా మినహాయింపు ఉంది.

అంకెల్లో చూద్దాం. 3 లక్షల డాలర్లకు కొన్న ఇల్లు ఇప్పుడు 7 లక్షలు చేస్తుంది, అప్పు లేదు. భర్త దాన్ని పౌరురాలైన భార్యకు క్విట్‌క్లెయిమ్ చేస్తే ఆ రోజు ఏ పన్నూ లేదు. ఆమె 7 లక్షలకు అమ్మితే లాభం 4 లక్షలు. ఇద్దరూ కలిసి ఉండి ఉమ్మడిగా పన్ను రిటర్న్ వేస్తూ, గత 5 ఏళ్లలో 2 ఏళ్లు ఆ ఇంట్లో నివసించి ఉంటే 5 లక్షల దాకా మినహాయింపు ఉంటుంది కాబట్టి పన్ను పడదు. విడాకుల తర్వాత ఆమె ఒంటరిగా అమ్మితే మినహాయింపు 2,50,000 మాత్రమే. మిగిలిన 1,50,000 డాలర్ల మీద పన్ను కట్టాలి. ఇల్లు తీసుకుని సమానమైన విలువకు పదవీ విరమణ ఖాతానో నగదో వదులుకున్నవారు ఈ లెక్కను ముందే చూసుకోకపోతే పంపకం పైకి సమానంగా కనిపించి లోపల అసమానంగా ఉంటుంది.

భార్య గ్రీన్ కార్డు లేదా వీసా మీద ఉంటే లెక్క మారుతుంది. పౌరసత్వం లేని భాగస్వామికి పన్ను లేకుండా ఇవ్వగలిగిన మొత్తానికి ఏటా పరిమితి ఉంది. 2025లో అది 1,90,000 డాలర్లు. అదే ఇంటిని 2025లో పూర్తిగా ఆమెకు రాసిస్తే 7,00,000 నుంచి 1,90,000 పోగా 5,10,000 డాలర్లు పన్ను పరిధిలోకి వచ్చే కానుక అవుతుంది. భర్త అమెరికా పౌరుడో అక్కడే శాశ్వతంగా స్థిరపడినవాడో అయితే వెంటనే పన్ను కట్టవలసిన అవసరం ఉండదు; గిఫ్ట్ ట్యాక్స్ రిటర్న్ అయిన ఫారం 709 దాఖలు చేస్తే ఆ మొత్తం అతడి జీవితకాల మినహాయింపులోంచి తగ్గుతుంది, 2025లో ఆ మినహాయింపు 1 కోటి 39 లక్షల 90 వేల డాలర్లు. కానీ తిరిగి వెళ్లిపోయే ఉద్దేశంతో ఉన్న వ్యక్తిని అమెరికాలో స్థిరపడినవాడిగా పరిగణించకపోతే, ఆ జీవితకాల మినహాయింపు కానుకలకు వర్తించదు. అప్పుడు నిజంగానే పన్ను పడుతుంది, దాని గరిష్ఠ రేటు 40 శాతం.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఇల్లు పూర్తిగా ఇవ్వకుండా, పౌరసత్వం లేని భాగస్వామిని సర్వైవర్‌షిప్ హక్కుతో సహయజమానిగా చేర్చితే, చేర్చిన రోజున దాన్ని కానుకగా లెక్కించరు. తర్వాత ఇల్లు అమ్మి, పెట్టిన డబ్బు నిష్పత్తికి మించి ఆమెకు ఇచ్చినప్పుడు ఆ ప్రశ్న వస్తుంది. టెనెంట్స్ ఇన్ కామన్‌గా సగం ఇస్తే మాత్రం సగం విలువకు, అంటే 3,50,000 డాలర్లకు, కానుక ఇచ్చిన రోజునే లెక్క మొదలవుతుంది. ఇక విడాకులయ్యాక భార్య హైదరాబాద్ తిరిగి వచ్చేసి, ఆదాయపన్ను పరిభాషలో అమెరికా నివాసి కాకుండా పోతే, పైన చెప్పిన 1984 నిబంధన రక్షణ ఆమెకు చేసే బదిలీకి వర్తించదు. ఇల్లు రాసిచ్చిన భర్తకే లాభం వచ్చినట్టు లెక్క కట్టే అవకాశం ఉంటుంది.

మరణం కోణం కూడా చూడాలి. యజమాని మరణించాక ఇల్లు వారసత్వంగా వస్తే, పన్ను లెక్కకు దాని ధర ఆ రోజు మార్కెట్ విలువకు పెరుగుతుంది. పై ఇంటిని భర్త తన ఒక్కడి పేరున ఉంచుకుని భార్యకు వీలునామా రాసి మరణిస్తే ఆమె లెక్కలో ధర 7 లక్షలు. పౌరులైన దంపతులు మామూలు రాష్ట్రంలో జాయింట్ టెనెన్సీలో ఉంటే సగానికే ఆ పెంపు వర్తించి 5 లక్షలు అవుతుంది. కమ్యూనిటీ ప్రాపర్టీ అయితే రెండు సగాలకూ వర్తించి 7 లక్షలు. బతికుండగానే మొత్తం రాసిచ్చేస్తే, ఇచ్చినవారు మరణించినా ధర 3 లక్షల దగ్గరే ఉండిపోతుంది.

ఇంటి పన్ను విషయంలో మాత్రం ఊరట ఉంది. కాలిఫోర్నియాలో దంపతుల మధ్య బదిలీకి ఇంటి విలువను కొత్తగా మదింపు చేయరు. డీడ్‌తో పాటు యాజమాన్య మార్పు నివేదికలో ఆ విషయం తెలపాలి.

అప్పులవారిని తప్పించుకోవడానికి రాసే డీడ్

వ్యాపారంలో నష్టం రాగానే ఇంటిని భార్య పేరున రాసేయడం మన దగ్గర కొత్త ఆలోచన కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే ఏకరూప చట్టం, అప్పులవారిని ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదిలీని, తీర్చే స్తోమత లేని స్థితిలో తగిన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని రద్దు చేయడానికి సాధారణంగా 4 ఏళ్ల వరకు అవకాశం ఇస్తుంది. భార్యాభర్తల మధ్య జరిగిందన్న విషయమే అనుమానానికి ఒక కారణంగా లెక్కకు వస్తుంది.

ఉద్దేశం ఎలా ఉన్నా, బకాయి కోసం ఆస్తి మీద అప్పటికే పడిన ప్రభుత్వ భారం, అంటే లీన్, డీడ్‌తో పోదు. మిషిగన్‌లో ఒక వ్యక్తి ఏళ్ల తరబడి పన్ను రిటర్నులు వేయకపోవడంతో పన్నుల శాఖ లీన్ నమోదు చేసింది. 1989లో దంపతులిద్దరూ కలిసి ఇంటిని 1 డాలర్ ప్రతిఫలానికి భార్య పేరున క్విట్‌క్లెయిమ్ చేశారు. ఇల్లు టెనెన్సీ బై ది ఎంటైరిటీలో ఉంది, అది దంపతులిద్దరిదీ కలిసి ఒకే హక్కు కాబట్టి భర్తకు విడిగా వాటా లేదని ఆమె వాదన. ఆ లీన్ భర్త హక్కుకు అంటుకునే ఉందని అమెరికా సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది.

క్విట్‌క్లెయిమ్ సరిపోతుందా

దంపతుల మధ్య హామీల అవసరమేముందని దీన్ని సమర్థించేవారు అడుగుతారు. ఇల్లు ఎలా కొన్నారో, దాని మీద ఏ భారాలున్నాయో ఇద్దరికీ తెలుసు. విడాకులు తీసుకుంటున్న వ్యక్తి మాజీ భాగస్వామికి భవిష్యత్తులో టైటిల్ హామీదారుగా ఉండాలని ఎవరూ కోరుకోరు. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది.

రెండో పక్షం చెప్పేది రాయించుకున్నవారి రేపటి గురించి. ఇల్లు కొన్నప్పుడు టైటిల్ లోపాల వల్ల కలిగే నష్టానికి తీసుకున్న టైటిల్ ఇన్సూరెన్స్ పాలసీ ఒక కాంట్రాక్టు; ఇల్లు క్విట్‌క్లెయిమ్ ద్వారా వచ్చిన భాగస్వామికి అది వర్తిస్తుందా లేదా అన్నది ఆ పాలసీలోని నిర్వచనాన్ని బట్టి ఉంటుంది, పాత పాలసీల్లో వర్తించకపోవచ్చు. వారంటీ డీడ్ అయితే రాసిచ్చినవారి హామీ వెనుక పాత పాలసీ కొంతవరకు కొనసాగుతుంది. టెక్సాస్‌లో సమస్య మరింత గట్టిది. ఇల్లు చేతులు మారిన పత్రాల వరుసలో, అంటే టైటిల్ గొలుసులో, క్విట్‌క్లెయిమ్ కనిపిస్తే, దానికి ముందు ఏదో లోపం ఉందని తర్వాతి కొనుగోలుదారుకు హెచ్చరిక అందినట్టేనని అక్కడి కోర్టులు చాలాకాలం భావించాయి. నమోదై 4 ఏళ్లు దాటిన క్విట్‌క్లెయిమ్‌కు ఆ ప్రభావం ఉండదని 2021లో చట్టాన్ని సవరించారు. అయినా అక్కడి న్యాయవాదులు దంపతుల మధ్య కూడా స్పెషల్ వారంటీ డీడ్‌నే ఎక్కువగా రాస్తారు. రాసిచ్చేవారి మీద అది మోపే అదనపు భారం చాలా స్వల్పం, రాయించుకున్నవారికి అమ్మకం నాడు కలిగే మేలు ఎక్కువ. అందువల్ల టెక్సాస్ విషయంలో రెండో పక్షం వాదనే బలంగా ఉంది. న్యూజెర్సీ వంటి చోట్ల ఈ తేడాకు అంత ప్రాధాన్యం లేదు.

హైదరాబాద్ ఫ్లాటును అమెరికా డీడ్ కదపలేదు

రెండు దేశాల్లో ఆస్తులున్న కుటుంబాలు విడిపోతున్నప్పుడు, అమెరికా ఇంటికి రాసిన క్విట్‌క్లెయిమ్ మాదిరిగానే హైదరాబాద్ ఫ్లాటుకు, విజయవాడ స్థలానికి కూడా ఒకటి రాసి నోటరీ చేయించుకోవడం జరుగుతుంటుంది. దానితో ఇక్కడి ఆస్తి చేతులు మారదు. స్థిరాస్తికి అది ఉన్న చోటి చట్టమే వర్తిస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టర్ అయిన దస్తావేజు ఉండాలి. అమెరికా కోర్టు తన ముందున్న వ్యక్తిని ఇక్కడ దస్తావేజు రాసివ్వమని ఆదేశించగలదు గాని, ఆ తీర్పు కాగితం సబ్ రిజిస్ట్రార్ రికార్డులో యజమాని పేరును తనంతట తాను మార్చదు. రాలేనివారు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, విదేశంలో రాసిన పత్రం భారత్‌కు చేరిన 3 నెలల్లోపు దానికి స్టాంపు సుంకం కట్టించాలి. ఈసీ తీయించినప్పుడు అందులో కొత్త దస్తావేజు కనిపించేదాకా ఆ ఫ్లాటు పాత యజమానిదే.

వెనక్కి తీసుకోవడానికి ఒకరి మాట చాలదు

నమోదైన క్విట్‌క్లెయిమ్ డీడ్‌ను రాసిచ్చినవారు మనసు మార్చుకుని ఏకపక్షంగా రద్దు చేసుకోలేరు. రాయించుకున్నవారు తిరిగి మరో డీడ్ రాసివ్వాలి, లేదా మోసం, ఒత్తిడి జరిగాయని కోర్టులో నిరూపించాలి. తన తర్వాత ఇల్లు భాగస్వామికి ఇబ్బంది లేకుండా చేరాలన్నదే అసలు ఉద్దేశమైతే, ఇప్పుడే హక్కు వదులుకోనవసరం లేని మార్గాలు ఉన్నాయి. టెక్సాస్ 2015 నుంచి, కాలిఫోర్నియా 2016 నుంచి ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్‌ను అనుమతిస్తున్నాయి. రాసినవారు బతికి ఉన్నంతకాలం యజమానిగా కొనసాగుతారు, కావాలంటే రద్దు చేసుకోవచ్చు. మరణానంతరం ఇల్లు ప్రొబేట్ లేకుండా భాగస్వామికి చేరుతుంది, కొనుగోలు ధర ఆనాటి మార్కెట్ విలువకు పెరుగుతుంది. రద్దు చేసుకోగల లివింగ్ ట్రస్టులో ఇంటిని పెట్టినా దాదాపు ఇవే ప్రయోజనాలు ఉంటాయి. తమ ఇంటిని తామే లబ్ధిదారులుగా ఉన్న ట్రస్టుకు మార్చుకున్నప్పుడు కూడా మొత్తం అప్పు ఒకేసారి కట్టమని బ్యాంకు అడగకుండా 1982 చట్టమే అడ్డుకుంటుంది.